టెస్ట్ సర్వర్ల మధ్య మారడానికి ఒక చిన్న డెస్క్‌టాప్ టూల్: తయారీ నుంచి వాడకం దాకా

గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ వ్యాపారుల కోసం బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి బ్రాడీపేటలో ఉందనుకుందాం. రైతు తెచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, రకం తేజానా 341నా, తూకం ఎంత, క్వింటాలుకు ఎంత పలికింది అన్న వివరాలు ఎక్కించగానే తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) తయారవుతుంది, రైతు ఫోన్‌కు ఎస్సెమ్మెస్ వెళుతుంది. ఆ కంపెనీ టెస్టరు తాను క్యూఏ (నాణ్యత పరీక్షల) సర్వర్ మీద ఉన్నాననుకొని 50 టిక్కీల తేజా లాట్‌ను తోచిన ధరకు ఎక్కించినప్పుడు, ఆ కంప్యూటర్ నిజానికి వ్యాపారులు వాడే అసలు సర్వర్‌తోనే మాట్లాడుతూ ఉంటే, ఆ ఎస్సెమ్మెస్ ఏ పల్లెలోనో ఉన్న నిజమైన రైతు ఫోన్‌లో మోగుతుంది. సీజన్ ఊపులో, రోజుకు లక్షకు పైగా టిక్కీలు యార్డుకు దిగే రోజుల్లో, అలాంటి దొంగ లాట్‌ను వెతికి పట్టుకొని, లెక్కలు సరిచేసి, రైతుకూ వ్యాపారికీ సంజాయిషీ చెప్పుకోవడం మామూలు తలనొప్పి కాదు.

ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కు మారడం సాంకేతికంగా చాలా చిన్న పని. ఈ క్షణంలో మనం ఏ సర్వర్ మీద ఉన్నామో సందేహానికి తావు లేకుండా తెలియడమే అసలు పని. కాబట్టి ఇక్కడ వివరించే టూల్‌లో మార్చే భాగం కన్నా, సరిచూసి చూపించే భాగానికే ఎక్కువ శ్రద్ధ పెట్టమని కోరుతున్నాను.

ఈ టూల్ మీకు అవసరమో కాదో ముందు తేల్చుకోండి

సర్వర్ చిరునామాను సెట్టింగ్స్ ఫైల్ నుంచి చదువుకునే సాఫ్ట్‌వేర్ అయితే, ఒక్కో ఎన్విరాన్‌మెంట్‌కు (డెవలపర్ల డెవ్, టెస్టర్ల క్యూఏ, విడుదలకు ముందు చివరి పరీక్షకు వాడే స్టేజింగ్, వ్యాపారులు వాడే అసలు అనే సర్వర్ల అమరికల్లో ఒక్కోదానికి) వేరే పేరు పెట్టి ఆ ఫైల్‌లోనే మార్చుకోవడం అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి. అలాంటప్పుడు ఈ టూల్ అక్కర్లేదు. అయితే చాలా చోట్ల అది కుదరదు. సర్వర్ పేరు ప్రోగ్రామ్‌లోనే బిగించి ఉండవచ్చు, లేదా కుకీలు, భద్రతా సర్టిఫికెట్, పేమెంట్ గేట్‌వే తిరిగి పిలిచే చిరునామా అన్నీ ఒకే పేరుకు ముడిపడి ఉండవచ్చు. పేరు మారకూడదు, ఆ పేరు వెనక ఉన్న యంత్రం మాత్రం మారాలి అన్నప్పుడు ఏ పేరుకు ఏ ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో యంత్రాన్ని గుర్తించే సంఖ్య) ఉందో రాసి ఉండే, కంప్యూటర్‌లోని హోస్ట్స్ ఫైల్‌ను ఆశ్రయించాల్సి వస్తుంది.

హోస్ట్స్ ఫైల్ ఇంటర్నెట్ కన్నా పాతది. ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ నెట్‌వర్క్ కాలంలో నెట్‌వర్క్‌లోని అన్ని యంత్రాల పేర్లూ చిరునామాలూ ఒకే ఫైల్‌లో ఉండేవి. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని నిర్వహిస్తుంటే మిగతావారు నకలు తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగి ఆ పద్ధతి మోయలేని భారమయ్యాక 1983లో పాల్ మొకాపెట్రిస్, పేరు అడిగితే చిరునామా చెప్పే డీఎన్ఎస్ వ్యవస్థను రూపొందించారు. అయినా ఆ ఫైల్ ప్రతి కంప్యూటర్‌లోనూ మిగిలిపోయింది, మామూలు అమరికలో ఆపరేటింగ్ సిస్టమ్ డీఎన్ఎస్‌ను అడిగే ముందు ఇప్పటికీ దాన్నే చూస్తుంది. మన టూల్ అంతా ఈ ఒక్క వాస్తవం మీదే ఆధారపడి పనిచేస్తుంది.

రెడీగా దొరికేవీ ఉన్నాయి. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ పవర్‌టాయ్స్‌లోని హోస్ట్స్ ఫైల్ ఎడిటర్, మ్యాక్‌లో గ్యాస్ మాస్క్, రెండింటిలోనూ లినక్స్‌లోనూ నడిచే స్విచ్‌హోస్ట్స్ ఉచితంగా దొరుకుతాయి. ఇద్దరు ముగ్గురు డెవలపర్లే ఉన్న చోట వీటిలో ఒకటి చాలు. కానీ ఇవి ఫైల్‌ను మార్చిపెడతాయే తప్ప, మీ బిల్లింగ్ సర్వర్‌ను పలకరించి అది నిజంగా క్యూఏ యేనా అని సరిచూడవు. సపోర్ట్ సిబ్బంది, కొత్తగా చేరిన టెస్టర్లు వాడే చోట సొంత టూల్ చేసుకోమనడానికి కారణం ఇదే. పైథాన్ 3, సాధారణంగా దానితో పాటే వచ్చే టికింటర్ (తెర మీది విండోలు తయారుచేసే లైబ్రరీ) ఉంటే దాదాపు పనంతా అయిపోతుంది.

మొదటి అడుగు: చిరునామాలు సేకరించడం

ఏ ఎన్విరాన్‌మెంట్‌లో ఏ పేరుకు ఏ ఐపీ చిరునామా ఉందో ముందు కాగితం మీద రాసుకోండి. బిల్లింగ్ సైట్, దాని ఏపీఐ (ఇతర ప్రోగ్రాములు దానితో మాట్లాడే దారి), ఫైల్స్ దాచే సర్వర్, రిపోర్టుల సర్వర్ వేర్వేరు పేర్లతో ఉంటే అన్నీ పట్టికలోకి రావాలి. మూడు పేర్లు క్యూఏకు మారి నాలుగోది అసలు సర్వర్ వైపే ఉండిపోతే, అసలు మారకపోవడం కన్నా అది ప్రమాదకరం: తెర మీద అంతా టెస్ట్ లాగే కనిపిస్తుంది, రిపోర్టు మాత్రం నిజమైన లెక్కల్లోకి చేరుతుంది.

టెస్ట్ సర్వర్లు ఆఫీసులోనే ఉంటే వాటి చిరునామాలు 10తో గానీ, 192.168తో గానీ, 172.16 నుంచి 172.31 మధ్య గానీ మొదలవుతాయి. ఈ మూడు శ్రేణులూ ప్రైవేటు నెట్‌వర్క్‌ల కోసం ప్రత్యేకించినవి. సర్వర్లు క్లౌడ్‌లో ఉంటే ఇంకో జాగ్రత్త అవసరం. లోడ్ బ్యాలన్సర్ (రద్దీని పలు సర్వర్లకు పంచేది) వెనక ఉన్న సర్వర్ ఐపీ చిరునామా చెప్పాపెట్టకుండా మారిపోవచ్చు. ఈరోజు పనిచేసిన వరుస వారం తర్వాత ఎవరిదో తెలియని యంత్రం వైపు చూపించవచ్చు. కాబట్టి టెస్ట్ సర్వర్‌కు స్థిరమైన ఐపీ కేటాయించమని క్లౌడ్ చూసుకునేవారిని ముందే అడగండి.

రెండో అడుగు: ఫైల్ స్వభావం తెలుసుకోవడం

విండోస్‌లో సీ డ్రైవ్ తెరిచి విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్లను వరుసగా దాటితే హోస్ట్స్ అనే ఫైల్ కనిపిస్తుంది. లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ అది ఈటీసీ డైరెక్టరీలోనే ఉంటుంది. పేరు చివర ఎక్స్‌టెన్షన్ ఏదీ ఉండదు. నోట్‌ప్యాడ్‌లో కొత్తగా సేవ్ చేసేటప్పుడు చివర టీఎక్స్‌టీ చేరిందంటే సిస్టమ్ ఆ ఫైల్‌ను పట్టించుకోదు, మార్పు ఎందుకు పనిచేయడం లేదో అర్థం కాక ఆ పూట గడిచిపోతుంది.

ఒక్కో వరుసలో ముందు ఐపీ చిరునామా, ఖాళీ వదిలి యంత్రం పేరు రాస్తారు. ఉదాహరణకు 192.0.2.15 అని రాసి, పక్కన బిల్లింగ్ సైట్ పేరు రాస్తే సరిపోతుంది. (192.0.2తో మొదలయ్యే చిరునామాలు ఉదాహరణల కోసమే కేటాయించినవి కాబట్టి శిక్షణ పత్రాల్లో నిశ్చింతగా వాడుకోవచ్చు.) నంబర్ గుర్తు # తర్వాత ఉన్నదంతా వ్యాఖ్య. ఇందులో పోర్టు నంబరు రాయడానికి వీల్లేదు, హెచ్‌టీటీపీ అని ముందు తగిలించకూడదు, నక్షత్రం గుర్తుతో ఉపపేర్లన్నిటినీ ఒకేసారి పట్టుకోవడమూ కుదరదు. డెవలపర్ల సర్వర్ 8080 పోర్టు మీద నడుస్తుంటే దాని ముందు ఎంజిన్ఎక్స్ లాంటి రివర్స్ ప్రాక్సీని (వచ్చిన అభ్యర్థనలను వెనక ఉన్న సర్వర్‌కు అందించే ప్రోగ్రామును) 443 పోర్టు మీద కూర్చోబెట్టాలి. ఆ లోటును హోస్ట్స్ ఫైల్ తీర్చలేదు.

మూడో అడుగు: ప్రొఫైళ్లు

ఒక్కో ఎన్విరాన్‌మెంట్‌కు ఒక్కో చిన్న టెక్స్ట్ ఫైల్ తయారుచేయండి. అందులో తెర మీద కనిపించాల్సిన పేరు, రంగు, సర్వర్ తన గురించి చెప్పాల్సిన జవాబు, ఆ తర్వాత చిరునామాల వరుసలు ఉంటే చాలు. చిరునామాలను ప్రోగ్రామ్ లోపల రాయవద్దు. సర్వర్ మారిన ప్రతిసారీ టూల్‌ను మళ్లీ తయారుచేసి అందరి కంప్యూటర్లలో ఎక్కించాల్సిన పరిస్థితి వస్తే, ఎవరో ఒకరి దగ్గర పాతది తప్పకుండా మిగిలిపోతుంది. ప్రొఫైళ్లను గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే టూల్‌లో) ఉంచితే ఏ మార్పు ఎవరు ఎప్పుడు చేశారో తెలుస్తుంది.

అసలు సర్వర్ ప్రొఫైల్‌లో చిరునామాల భాగం ఖాళీగా ఉండాలి. అసలు సర్వర్‌కు మారడమంటే దాని ఐపీని హోస్ట్స్ ఫైల్‌లో రాయడం కాదు, మనం రాసినదంతా తీసేసి దారిని డీఎన్ఎస్‌కు వదిలేయడం. అక్కడ కూడా చిరునామా రాసిపెడితే, అసలు సర్వర్‌ను కొత్త చోటికి మార్చిన రోజున మీ ఆఫీసు తప్ప లోకమంతా కొత్తదాన్ని చూస్తుంది. “నా నిన్నటి తక్‌పట్టీ కనపడట్లేదమ్మా” అని వ్యాపారి ఫోన్ చేస్తే, సపోర్ట్‌లో కూర్చున్న అమ్మాయి పాత యంత్రంలో ఆ తక్‌పట్టీ ఉందో లేదో చూసి జవాబు చెబుతుంది. ఇద్దరూ నిజమే చెబుతారు, సమస్య మాత్రం తెగదు.

నాలుగో అడుగు: మన భాగాన్ని మాత్రమే తాకడం

హోస్ట్స్ ఫైల్ మన ఒక్కరిదే కాదు. డాకర్ డెస్క్‌టాప్ తన వరుసలు చేరుస్తుంది, కొన్ని వీపీఎన్ సాఫ్ట్‌వేర్లు తమవి రాసుకుంటాయి. కాబట్టి ఫైల్ మొత్తాన్ని మన ప్రొఫైల్‌తో మార్చేయడం సరికాదు. మొదలును తెలిపే వ్యాఖ్య ఒకటి, ముగింపును తెలిపే వ్యాఖ్య ఒకటి పెట్టుకొని, వాటి మధ్య ఉన్నదాన్ని మాత్రమే టూల్ తీసి కొత్తది పెట్టాలి. ఈ గుర్తు వరుసలను ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయడం మేలు, ఎందుకంటే ఈ ఫైల్‌ను చదివే పాత ప్రోగ్రాములన్నీ ఇతర లిపులను సరిగా అర్థం చేసుకుంటాయన్న భరోసా లేదు.

మొదలు గుర్తు ఉండి ముగింపు గుర్తు లేకపోతే, లేదా మొదలు గుర్తు రెండుసార్లు కనిపిస్తే, టూల్ ఊహించి పని చేయకూడదు; ఆగిపోయి, ఎవరో చేత్తో మార్చినట్టుందని చెప్పి, ఫైల్‌ను తెరిచి చూపించాలి. మన పేర్లలో ఏదైనా గుర్తుల బయట కూడా కనిపిస్తే, ఒకే పేరుకు రెండు చిరునామాలు ఉన్నట్టు అవుతుంది. అలాంటప్పుడు ఏది గెలుస్తుందో సిస్టమ్‌ను బట్టి ఉంటుంది కాబట్టి, ఆ వరుసను ఎర్రగా చూపించి, వాడేవారు దాన్ని సరిదిద్దేదాకా మారడానికి ఒప్పుకోకూడదు.

ఐదో అడుగు: సురక్షితంగా రాయడం

వేసవిలో విజయవాడలోనైనా గుంటూరులోనైనా కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, చిన్న ఆఫీసుల్లో ప్రతి డెస్క్‌టాప్‌కూ యూపీఎస్ ఉండదు. ఫైల్ సగం రాసిన క్షణంలో కరెంటు పోతే మిగిలేది సగం ఫైలే. అందుకని ముందు పాత ఫైల్‌కు తేదీ, సమయం పేరులో వచ్చేలా నకలు తీయాలి; ఆ తర్వాత కొత్త పాఠాన్ని అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైల్‌గా రాసి, డిస్క్ మీదికి పూర్తిగా చేరిందని నిర్ధారించుకొని, చివరగా దాని పేరును ఒక్క దెబ్బలో హోస్ట్స్‌గా మార్చాలి. పైథాన్‌లో ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్ ఈ పని చేస్తుంది. తాత్కాలిక ఫైల్ వేరే డ్రైవ్‌లో ఉంటే రీప్లేస్ విఫలమవుతుంది, దాని బదులు కాపీ చేస్తే ఈ జాగ్రత్తంతా వృథా.

విండోస్‌లో యాంటీవైరస్ అదే క్షణంలో ఫైల్‌ను పట్టుకొని ఉంటే మార్పు విఫలమవుతుంది. కొద్ది విరామాలతో కొన్నిసార్లు ప్రయత్నించి, అప్పటికీ కాకపోతే పాతదే ఉందని స్పష్టంగా చెప్పాలి. ఫైల్‌ను యూటీఎఫ్-8లో, మొదట్లో బైట్ ఆర్డర్ మార్క్ (కంటికి కనిపించని గుర్తు) లేకుండా రాయాలి. లేదంటే మొదటి వరుస చెడిపోతుంది. రాశాక మళ్లీ చదివి, మనం రాసిందే అక్కడ ఉందో లేదో పోల్చి చూడడం మర్చిపోవద్దు.

ఆరో అడుగు: అనుమతులు

హోస్ట్స్ ఫైల్‌ను మార్చడానికి అడ్మినిస్ట్రేటర్ హక్కులు కావాలి. ప్రతిసారీ అనుమతి పెట్టె కనిపించడం చిరాకని, ఫైల్‌ను అందరూ రాయగలిగేలా మార్చేసే అలవాటు కొన్ని ఆఫీసుల్లో ఉంది. దయచేసి ఆ పని చేయవద్దు. బ్యాంకు పేరును దొంగ సర్వర్ వైపు తిప్పడానికి మాల్‌వేర్ వెతుక్కునేది ఈ ఫైల్‌నే. మైక్రోసాఫ్ట్ డిఫెండర్ కూడా అనుమానాస్పదమైన మార్పులు కనిపిస్తే హోస్ట్స్ ఫైల్ హైజాక్ పేరుతో హెచ్చరిస్తుంది.

టూల్‌ను రెండు ముక్కలు చేయడం సరైన పద్ధతి. తెర మీద కనిపించే ముక్క మామూలు హక్కులతో నడుస్తుంది. ఫైల్ రాసే ముక్క విండోస్‌లో అనుమతి పెట్టె ద్వారా, లినక్స్‌లో పోల్‌కిట్ ద్వారా ఆ ఒక్క పనికి హక్కులు తీసుకొని ముగిసిపోతుంది. ఈ రెండో ముక్క ఇచ్చిన పాఠాన్నల్లా రాసేయకూడదు. ప్రొఫైల్ పేరు మాత్రమే స్వీకరించాలి. ఆ ప్రొఫైల్‌లోని పేర్లన్నీ మీ కంపెనీ డొమైన్ కిందివేనా, చిరునామాలు మీరు ముందుగా ఒప్పుకున్న శ్రేణిలోవేనా అని తానే తనిఖీ చేయాలి. అలా చేస్తే ఎవరైనా ప్రొఫైల్ ఫైల్‌ను పాడుచేసినా దాని ద్వారా బ్యాంకు పేరును మళ్లించలేరు.

ఏడో అడుగు: మారిందని నిరూపించుకోవడం

ఫైల్ మారినంత మాత్రాన కంప్యూటర్ ప్రవర్తన మారిందని చెప్పలేం. విండోస్ తాను తెలుసుకున్న చిరునామాలను గుర్తుపెట్టుకుంటుంది. వాటిని చెరపడానికి ఐపీకాన్ఫిగ్ ఆదేశాన్ని ఫ్లష్‌డీఎన్ఎస్ ఎంపికతో టూల్ నడపాలి. సిస్టమ్‌డీ వాడే లినక్స్‌లో రిజాల్వ్‌సీటీఎల్‌కు, మ్యాక్‌లో డీఎస్‌క్యాష్‌యుటిల్‌తో పాటు ఎండీఎన్ఎస్ రెస్పాండర్‌కు ఇదే పని అప్పగించాలి. బ్రౌజర్‌కు తన సొంత జ్ఞాపకం వేరే ఉంటుంది. పైగా అంతకుముందే తెరిచిన కనెక్షన్‌ను అది కొంతసేపు పట్టుకొని ఉంటుంది కాబట్టి, చిరునామా మారినా పాత సర్వర్‌తోనే మాట్లాడవచ్చు. క్రోమ్‌లో నెట్ ఇంటర్నల్స్ పేజీకి వెళ్లి హోస్ట్ క్యాష్‌ను, సాకెట్లను ఖాళీ చేయవచ్చు. టెస్టర్లకు మాత్రం బ్రౌజర్‌ను పూర్తిగా మూసి తెరవమని చెప్పడమే నమ్మకమైన దారి. డెస్క్‌టాప్ బిల్లింగ్ ప్రోగ్రాములను కూడా అలాగే మూసి తెరవాలి.

తనిఖీకి చాలామంది ఎన్ఎస్‌లుకప్ వాడతారు. అది హోస్ట్స్ ఫైల్‌ను చూడదు, నేరుగా డీఎన్ఎస్ సర్వర్‌నే అడుగుతుంది. అందుకే అన్నీ సరిగా ఉన్నా పాత చిరునామానే చూపించి కంగారు పెడుతుంది. పింగ్ ఆదేశం గానీ, పైథాన్‌లోని గెట్ఎడ్రెస్‌ఇన్ఫో గానీ సిస్టమ్ దారిలోనే వెళతాయి కాబట్టి వాటి మాట నమ్మవచ్చు.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం సర్వర్ నోటి నుంచే రావాలి. ప్రతి సర్వర్‌లోనూ ఒక చిన్న వెబ్ చిరునామా (యూఆర్ఎల్) ఏర్పాటు చేసి, దాన్ని అడిగితే డెవ్, క్యూఏ, స్టేజింగ్, అసలు అన్న నాలుగు మాటల్లో తనకు చెందినదాన్ని చెప్పేలా చేయండి. ఆ మాట సర్వర్‌ను నిలబెట్టినప్పుడు దాని సొంత సెట్టింగ్‌లో రాసినదై ఉండాలి, ఎక్కడా క్యాష్ కాకూడదు (పాత జవాబు నిల్వ ఉండకూడదు). ఎన్విరాన్‌మెంట్ మార్చిన వెంటనే టూల్ మొదటి అడుగులో రాసుకున్న పట్టికలోని ప్రతి పేరునూ ఇలా అడిగి, అన్ని జవాబులూ ఎదురుచూసినవే అయితేనే ఎన్విరాన్‌మెంట్ పేరు చూపించాలి. ఒక్కటి తేడా వచ్చినా, జవాబు రాకపోయినా “తెలియదు” అని బూడిద రంగులో చూపించాలి. ఫైల్‌లో ఏముందో చూసి ఆకుపచ్చ రంగు వెలిగించే టూల్ మనకు ధైర్యం ఇస్తుందే తప్ప నిజం చెప్పదు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ఆఫీసులో ప్రాక్సీ (ఇంటర్నెట్‌కు మధ్యవర్తిగా ఉండే సర్వర్) వాడుతుంటే, పేరును చిరునామాగా మార్చే పని బ్రౌజర్ చేయదు, ప్రాక్సీ సర్వర్ చేస్తుంది. మీ హోస్ట్స్ ఫైల్‌కు అక్కడ విలువ లేదు. పైగా పైథాన్ విండోస్‌లోని మామూలు ప్రాక్సీ సెట్టింగ్‌ను చదువుతుంది గానీ ఆటోమేటిక్ ప్రాక్సీ స్క్రిప్టును చదవదు, కాబట్టి టూల్ చూసే సర్వర్ వేరు, బ్రౌజర్ చూసే సర్వర్ వేరు కావచ్చు. దీనికి విరుగుడుగా, బిల్లింగ్ పేజీ పైభాగంలోనే సర్వర్ పంపిన ఎన్విరాన్‌మెంట్ పేరును ఒక రంగు పట్టీలో చూపించమని డెవలపర్లను అడగండి. టూల్ చెప్పిందీ పట్టీ చెప్పిందీ ఒకటైతేనే టెస్టరు లాట్ ఎక్కించడం మొదలుపెట్టాలి.

సర్టిఫికెట్ల సంగతి

పేరు అదే ఉండి యంత్రం మారుతుంది కాబట్టి, టెస్ట్ సర్వర్ కూడా ఆ పేరుకే సర్టిఫికెట్ చూపించాలి. అసలు సర్వర్ ప్రైవేట్ కీని (సర్టిఫికెట్‌కు జతగా ఉండే రహస్య తాళాన్ని) తెచ్చి డెవ్ యంత్రంలో పెట్టడం ఎంతమాత్రం మంచిది కాదు. ఆఫీసు వరకే చెల్లే సొంత సర్టిఫికెట్ అథారిటీని (సర్టిఫికెట్లు జారీచేసే ఏర్పాటును) తయారుచేసి, దాన్ని టెస్టింగ్ కంప్యూటర్లలో మాత్రమే నమ్మదగినదిగా చేర్చండి. ఎంకేసర్ట్ అనే ఉచిత టూల్ ఈ పనిని తేలిక చేస్తుంది. ఆ అథారిటీ కీని ఎవరి చేతికీ చిక్కకుండా దాచాలి. హెచ్చరిక వచ్చినా ముందుకెళ్లండి అని సిబ్బందికి నేర్పడం మాత్రం వద్దు, ఎందుకంటే రేపు నిజమైన హెచ్చరిక వచ్చినా వాళ్లు అలాగే నొక్కేస్తారు. సైట్‌కు హెచ్ఎస్‌టీఎస్ (సురక్షిత కనెక్షన్‌ను తప్పనిసరి చేసే నియమం) పెట్టి ఉంటే బ్రౌజర్ ఆ అవకాశమూ ఇవ్వదు.

తెర మీద ఎలా కనిపించాలి

గడియారం పక్కన ఒక చిన్న గుర్తు, నొక్కితే ప్రొఫైళ్ల జాబితా ఉంటే చాలు. ఆ గుర్తు కోసం టికింటర్‌కు పిస్ట్రే లైబ్రరీని తోడు చేసుకోవాలి. గుర్తు రంగుతో పాటు అందులో అక్షరం కూడా ఉండాలి, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియనివారు ప్రతి ఆఫీసులోనూ ఉండవచ్చు. అసలు సర్వర్‌కు మారేటప్పుడు ఒక ప్రశ్న అడిగి, ఎన్విరాన్‌మెంట్ పేరును టైపు చేయించుకోవడం సమంజసం. టెస్ట్ సర్వర్ల మధ్య మారేటప్పుడు ఆ అడ్డు అక్కర్లేదు. నిమిషానికోసారి టూల్ తనంతట తాను సర్వర్లను మళ్లీ అడగాలి, మధ్యలో ఎవరైనా ఫైల్‌ను చేత్తో మార్చినా తెలుస్తుంది.

కంప్యూటర్ ఆన్ చేసినప్పుడు ఏ ఎన్విరాన్‌మెంట్‌లో ఉండాలన్నది మనిషిని బట్టి నిర్ణయించాలి. టెస్టరు కంప్యూటర్ క్యూఏతో మొదలవ్వాలి. వ్యాపారుల ఫోన్లు అందుకునే సపోర్ట్ కంప్యూటర్ ప్రతి ఉదయం అసలు సర్వర్‌తోనే మొదలవ్వాలి, ముందురోజు సాయంత్రం దాన్ని ఎవరు ఎలా వదిలి వెళ్లినా సరే.

ఫోన్ యాప్‌ను పరీక్షించేవారికి ఈ టూల్ ఉపయోగపడదు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను రూట్ చేయకుండా (దాని మీద పూర్తి అధికారం పొందకుండా) హోస్ట్స్ ఫైల్‌ను మార్చలేం; వారికోసం వేరే వైఫై పెట్టి, దాని డీఎన్ఎస్‌ను డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న డీఎన్ఎస్ సర్వర్‌తో నడపడం మేలు.

పంపిణీ, తొలగింపు

పైఇన్‌స్టాలర్‌తో టూల్‌ను ఒకే ప్రోగ్రామ్‌గా మలిస్తే పైథాన్ లేని కంప్యూటర్లలోనూ నడుస్తుంది. అలా మలిచిన ఫైళ్లను యాంటీవైరస్‌లు కొన్నిసార్లు అనుమానిస్తాయి కాబట్టి డిజిటల్ సంతకం చేయించి ఇవ్వండి. ముందు ఒకే కంప్యూటర్‌లో పెట్టి, మారుతున్న మధ్యలో ప్లగ్ పీకి చూడండి, ఒక గుర్తు వరుసను చెరిపి చూడండి, క్యూఏ సర్వర్‌ను ఆపేసి “తెలియదు” అని వస్తుందో లేదో చూడండి. అందరికీ ఇచ్చే పనిని వేసవి సెలవులకు యార్డు మూసినప్పుడు పెట్టుకుంటే సపోర్ట్ ఫోన్ల ఒత్తిడి ఉండదు.

టూల్‌ను తీసేసేటప్పుడు అన్‌ఇన్‌స్టాలర్ తన గుర్తుల మధ్య ఉన్న భాగాన్ని గుర్తులతో సహా తొలగించి, డీఎన్ఎస్ జ్ఞాపకాన్ని చెరిపి, అసలు సర్వర్‌ను ఒకసారి పలకరించి వచ్చిన జవాబు చూపించిన తర్వాతే ముగియాలి. సొంత సర్టిఫికెట్ అథారిటీని ఆ కంప్యూటర్ నుంచి తొలగించడం కూడా ఆ పనిలో భాగమే. ఉద్యోగి కంపెనీ మారి ల్యాప్‌టాప్ ఇంకొకరి చేతికి వెళ్లే రోజున ఈ రెండూ జరిగాయో లేదో ఐటీ చూసుకునేవారు స్వయంగా సరిచూడాలి.